లితారా రాయని ఐదో లక్షణం

లితారాకి ఆ పరీక్షలో ఐదుకి నాలుగు మార్కులే వేశాను. వేసినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆపియా అనే ఈ దీవి పట్నంలో సాయంత్రం తరగతులకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఎర్ర సిరా పెన్ను పట్టుకుంటే నా చెయ్యి దానంతటదే తిరుగుతుంది. నాకు ముక్కు మీద కోపమని నా విద్యార్థులు చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, అది నిజమే.

ప్రశ్న కొత్తదేమీ కాదు, ఏటా అడిగేదే. రాసిన ప్రోగ్రామ్‌ని అల్గారిథమ్ అని ఎప్పుడు అనవచ్చు? జవాబులో ఐదు లక్షణాలు ఉండాలి, లక్షణానికో మార్కు. లోపలికి ఇచ్చేదేమిటో తెలియాలి. బయటికి ఏదో ఒక ఫలితం రావాలి. ప్రతి అడుగూ అనుమానానికి తావు లేకుండా ఉండాలి. కాగితం, పెన్సిలు ఉన్న ఏ మనిషైనా చేయగలిగేంత చిన్న అడుగులై ఉండాలి. ఇక ఐదోది, ఎవరు ఏమి ఇచ్చినా సరే, అది ఎప్పటికో ఒకప్పటికి ఆగాలి. ఆగకపోతే అది యంత్రం వినే మాట అవుతుందేమో గానీ అల్గారిథమ్ కాదు.

లితారా మొదటి నాలుగూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఐదో దాని దగ్గర మాత్రం ‘ముగించవలసినవారు ముగిస్తారు’ అని రాసింది. నేను దాన్ని కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో ‘ఎవరు?’ అని రాసి వదిలేశాను.

ఆ అమ్మాయి గురించి తెలిసినవాళ్ళకి ఆ జవాబు వింతగా అనిపించదు. లితారా నిలువెత్తు మనిషి, భుజాలు కూడా పెద్దవే. అయినా నలుగురు కూర్చున్నచోట నడవాల్సి వస్తే నడుం వంచి, ‘తులౌ, తులౌ’ అని మన్నింపు అడుగుతూ, తన ఒళ్ళు ఎవరికీ అడ్డం కాకూడదన్నట్టు జరిగిపోయేది. తరగతి గుమ్మం దగ్గర ఆమె, ఇంకో ముగ్గురు కలిశారంటే చాలు, ముందు మీరంటే ముందు మీరని నిలబడిపోయేవాళ్ళు. నా పాఠం రోజూ ఐదు నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యేది. నేను లోపలినుంచి అరిచేవాణ్ణి. అరిస్తే నలుగురూ ఒకేసారి నవ్వేవాళ్ళు గానీ లోపలికి మాత్రం వచ్చేవాళ్ళు కాదు. ఏదైనా సందేహం ఉంటే లితారా అందరూ వెళ్ళిపోయేదాకా కాచుకుని, చెవి వెనకాల పువ్వు సర్దుకుంటూ అడిగేది. ఆ సందేహాలు మాత్రం పదునుగా ఉండేవి.

ఆమె తండ్రి యొసువా ఆలెయిపాతా వైపు తూర్పు తీరంలో ఒక ఊరికి తులాఫాలె. అంటే సభలో ఊరి తరఫున నిలబడి మాట్లాడే పెద్ద. చేతిలో కర్ర, భుజం మీద కొబ్బరిపీచు కుంచె పెట్టుకుని పచ్చికలో నిలబడ్డాడంటే ఎదుటి ఊరివాళ్ళు సైతం మాట మర్చిపోయి వినేవాళ్ళట. లితారా చిన్నప్పుడు ఆయన వెనక చాప మీద కూర్చుని ఫాతౌలు వింటూ పెరిగింది. ఏదైనా పెద్ద సందర్భం వస్తే ఊరి తరఫున ఎవరు మాట్లాడాలన్నది ముందే అనుకోరు. మాటకారులంతా ఒకరి తర్వాత ఒకరు లేస్తారు. నాకెందుకు, మీరు మాట్లాడండి అంటారు. మీ వంశం పెద్దది, మీరే అంటారు. అదే ఫాతౌ. గంటసేపు సాగినా ఎవరూ విసుక్కోరు. ఆ వదులుకోవడంలోనే పెద్దరికం తెలుస్తుంది. చివరికి, ఆ హక్కు ఉన్నవాడు ఒకడు ఇక చాలంటాడు, ఒకరు మిగులుతారు, మిగిలిన ఆయన మాట్లాడతాడు.

చదువు అయ్యాక లితారా మా ఊళ్ళో ఒక డయాలసిస్ కేంద్రంలో రికార్డులు రాసే పనిలో చేరింది. పద్దెనిమిది కుర్చీలు, డెబ్భై మంది రోగులు. ఒక్కొక్కరు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు కూర్చోవాలి. ఆమె చేరిన రెండేళ్ళకి ఆ డెబ్భై మందిలో ఆమె తండ్రి కూడా ఒకడయ్యాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చేతికి సూది గుచ్చుకుంటుంటే పైకప్పు చూస్తూ నర్సులకి పాత కథలు చెప్పేవాడు.

అక్కడ అసలు చిక్కు వానల్లో వచ్చేది. వాగు పొంగితే తూర్పువాళ్ళు రాలేరు, కరెంటు పోతే నీళ్ళు శుద్ధి చేసే యంత్రం ఆగుతుంది, కుర్చీల లెక్క తప్పుతుంది. మర్నాడు ఒక కుర్చీ ఖాళీ అయితే, తప్పిపోయినవాళ్ళలో ఎవరిని పిలవాలి? పెద్ద నర్సు మకెరీతా పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చునేది. మాకు మాకు అని కొట్టుకుంటారేమోనని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఇక్కడ అందుకు తలకిందులు. యొసువాకి చేస్తే, నాకన్నా తోఫిగా అమ్మమ్మకి అవసరం, ఆవిణ్ణి పిలవండి అనేవాడు. తోఫిగాకి చేస్తే, యొసువా పెద్దమనిషి, ఊరికి కావలసినవాడు అనేది.

అందుకని లితారా ఒక ప్రోగ్రామ్ రాసింది. ఎవరికి ఒంట్లో ఎంత నీరు చేరింది, రక్తపరీక్ష ఏమంటోంది, ఎన్ని రోజులైంది, ఇవన్నీ చూసి అది వరస కడుతుంది. వరసలో మొదటివాళ్ళ ఫోన్‌కి సందేశం పంపుతుంది. ‘ఒక కుర్చీ ఖాళీగా ఉంది, మీకు ఇస్తున్నాం. వస్తానంటే ఒకటి నొక్కండి. మీకన్నా అవసరమైనవారికి వదులుకోదలిస్తే రెండు నొక్కండి.’ రెండు నొక్కితే తర్వాతివాళ్ళకి వెళుతుంది. చివరిదాకా వెళ్ళాక మళ్ళీ మొదటికి వస్తుంది. ఎవరో ఒకరు ఒకటి నొక్కేదాకా.

“మరీ మొహమాటంగా ఉంది కదే సందేశం. వస్తారా రారా అని అడగొచ్చుగా?” అన్నాను నేను చూసి.

“అలా అడిగితే కసిరినట్టుంటుంది మాస్టారూ. వదులుకునే వీలు లేకుండా ఇస్తే ఎవరు పుచ్చుకుంటారు?”

సరే అన్నాను. నలభై మంది ఉత్తుత్తి రోగులను కల్పించి, వాళ్ళ జవాబులు కూడా నేనే తయారుచేసి, రెండు రోజులు పరీక్షించాను. ఒక్కసారి కూడా తప్పలేదు. నాలుగైదు సందేశాల్లో ఎవరో ఒకరు ఒకటి నొక్కేస్తున్నారు, కుర్చీ నిండిపోతోంది. నేను పుట్టింది రేపల్లెలో. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం చూస్తూ పెరిగినవాణ్ణి. నా నలభై మంది రోగులూ నాలాంటివాళ్ళేనని అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడిది అల్గారిథమ్ అయిందమ్మా అని చెప్పి, కేంద్రంవాళ్ళు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను. ఆ కాగితం చూశాక మకెరీతా ఫోన్ సొరుగులో పెట్టేసింది. ఎండాకాలమంతా ఇబ్బంది రాలేదు. అప్పుడప్పుడు ఒకరిద్దరు తప్పిపోయేవాళ్ళు, వాళ్ళకి ఒకటికి రెండు కుర్చీలు ఉండేవి, వదులుకోవాల్సిన పనే పడలేదు.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఆగకుండా వాన పడింది. గురువారం తూర్పు వాగు పొంగి తొమ్మిదిమంది రాలేకపోయారు. శుక్రవారం రాత్రి నీళ్ళ యంత్రం పాడైంది. శనివారం పొద్దున్నకి వాగు తగ్గింది, ఎలాగో సగం కుర్చీలు నడిపించారు, ఆ రోజు రావలసినవాళ్ళతో అవి నిండిపోయాయి. మిగిలింది ఒకే ఒక్క కుర్చీ. ఆరింటికి మొదలుపెడితే సాయంత్రం ఐదుకి మూసేలోపు ఇద్దరికి సరిపోతుంది. ఆదివారం అంతా చర్చిలో ఉంటారు, కేంద్రం తెరవరు. సోమవారం దాకా ఇంకేమీ లేదు. డాక్టరు సవాయీ ద్వీపంలో చిక్కుకుపోయి ఉన్నాడు, పడవలు ఆగిపోయాయి. ఆ ఇద్దరు ఎవరన్నది యంత్రం చెప్పాలి.

పదీ నలభైకి లితారా నాకు ఫోన్ చేసింది. గొంతు చిన్నగా ఉంది.

“మాస్టారూ, ఆగడం లేదు.”

“ఏది ఆగడం లేదు?”

“అడుగుతూనే ఉంది. పొద్దున ఆరింటినించీ. కుర్చీ ఖాళీగానే ఉంది.”

నేను వెళ్ళేసరికి మకెరీతా చేతులు కట్టుకుని తెర ముందు నిలబడి ఉంది. తెర మీద ‘అడుగుతున్నాం’ అనే మాట, దాని కింద ఒక పేరు. మూడు నిమిషాలకి పేరు మారింది. మాట మారలేదు. ఇంకో మూడు నిమిషాలకి మళ్ళీ పేరు మారింది.

“నేను పొద్దుట్నించీ దీన్నే చూస్తున్నా. యంత్రానికి తెలుసులే అనుకున్నా. మీ సంతకం ఉంది కదా,” అంది మకెరీతా. తిట్టి ఉంటే బాగుండేది.

నేను ఎక్కడో లైను తప్పు రాసి ఉంటుందని గట్టిగా అనుకున్నాను. లితారా పక్కన కూర్చుని మొదటినుంచీ చివరిదాకా చదివాను. తప్పు లేదు. ప్రతి లైనూ చెప్పిన పని చేస్తోంది. వరస సరిగ్గానే కట్టింది, సందేశాలు సరైనవాళ్ళకే వెళ్ళాయి, తొమ్మిదిమందీ వెంటవెంటనే జవాబు కొట్టారు. తొమ్మిదిమందీ రెండే నొక్కారు. పది చుట్లు తిరిగి పదకొండో చుట్టులో ఉంది.  ఎర్ర సిరాతో నేను రాసిన ‘ఎవరు?’ గుర్తొచ్చింది.

“మకెరీతా, నువ్వు ఫోన్ చేసే రోజుల్లో ఇది ఎలా తేలేది?” అని అడిగాను.

“ఎలా ఏముంది? పదింటిదాకా మర్యాదలు వినేదాన్ని. ఆ తర్వాత నాకు చిర్రెత్తుకొచ్చేది. అప్పుడు ఎవరికి ఎక్కువ బాగోలేదో వాళ్ళకి చేసి, నోరు మూసుకుని రా అనేదాన్ని.”

లితారా తల వంచుకుంది. మకెరీతా చేసే పనంతా పక్కన కూర్చుని చూసి ఒక్కో అడుగూ రాసుకుంది ఆ అమ్మాయి. ఆవిడ కోపాన్ని ఒక్కదాన్నే రాయలేదు. అది కూడా పనిలో భాగమని ఆమెకి తోచలేదు, నాకూ తోచలేదు. కాగితం మీద, ఫోన్‌తో మకెరీతా చేసినదే అసలు అల్గారిథమ్. మేం యంత్రంలో పెట్టింది వట్టి ప్రోగ్రామ్. ఆగని ప్రోగ్రామ్‌లన్నీ చెడ్డవని కాదు, ఆ గదిలోనే మందుల ఫ్రిజ్‌ని చల్లగా ఉంచే ప్రోగ్రామ్ పగలూ రాత్రీ ఆగకుండా నడుస్తుంది, అది ఆగితేనే ప్రమాదం. దాన్నెవరూ జవాబు అడగరు. దీన్ని మేం జవాబు అడిగాం.

“వరసలో మొదట ఎవరున్నారు?” అన్నాను.

లితారా పక్కకి జరిగింది. తెర నావైపు తిప్పింది. మొదటి పేరు యొసువాది. ఒంట్లో ఐదు కిలోల నీరు, మంగళవారం తర్వాత రాలేదు. రెండో పేరు తోఫిగా.

“నాన్నకి ఫోన్ చెయ్యి, ఇప్పుడే.”

చేసింది. ఆయన మాట నాక్కూడా వినిపిస్తోంది, రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

“నాన్నా, కుర్చీ నీకే వచ్చింది. ఒకటి నొక్కి బయల్దేరు.”

“అప్పుడేనా? బాగా జరుగుతోందమ్మా. ఇంత పెద్ద ఫాతౌ చూసి... ఎన్నేళ్ళయిందో. పదకొండుసార్లు అడిగారు, పదకొండుసార్లూ ఇచ్చేశాను.”

“నాన్నా, అడుగుతోంది యంత్రం.”

“యంత్రమే అడగనీ. నేను ఇస్తున్నది మనుషులకే కదా. తోఫిగా ఉంది ఆ వరసలో. ఆవిడ పెద్దది.” కాస్త ఆగాడు. “అది సరే గానీ, ముగించేది ఎవరు?”

“అంటే?”

“ఎంతమంది లేచినా చివరికి ఒకరు ఇక చాలంటారు. ఆ గొంతు కోసం పొద్దుట్నించీ వింటున్నా. మీ దాంట్లో కూర్చున్న పెద్ద ఎవరు?”

లితారా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నావైపు చూసింది.  ఫోన్ తీసుకుని నాలుగు చీవాట్లు పెట్టాను. నేను బయటివాణ్ణి, నా కోపానికి ఆయన ఎప్పుడూ నవ్వేవాడే. ఇప్పుడూ నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

పదకొండు కావస్తోంది. ఆలెయిపాతా నుంచి ఇక్కడికి, వాగు తగ్గినా, గంటన్నర. ఒంటిగంటకల్లా సూది పడకపోతే ఐదుకి పూర్తి కాదు. ఇద్దరికి సరిపోయే కుర్చీ ఇక ఒకరికే సరిపోతుంది. అదైనా సరిపోతుందో లేదో.

“ఒక్క లైను చాలు. ఎవరైనా ఒక్కసారే వదులుకోవచ్చు. అందరూ వదులుకున్నాక అడగడం ఉండదు, వరసలో మొదటివాళ్ళకి కుర్చీ ఇచ్చేస్తుంది. రాయి,” అన్నాను.

లితారా చేతులు మీటల మీద పెట్టింది, మళ్ళీ తీసేసింది.

“అది రాస్తే కుర్చీ మా నాన్నది.”

“అవును.”

“రాసేది నేను. తోఫిగా అమ్మమ్మ బయట వరండాలో కూర్చుని ఉంది మాస్టారూ. పొద్దుట్నించీ అక్కడే ఉంది. సందేశం వచ్చినప్పుడల్లా రెండు నొక్కుతోంది. ఆవిణ్ణి అక్కడ ఉంచి మా నాన్న పేరు నా చేత్తో ఎలా రాయను? ఊరు ఏమనుకుంటుంది?”

“ఊరి సంగతి తర్వాత.”

“మీకు తర్వాత. మాకు ముందు.”

“పోనీ నేను రాస్తాను, లే.”

“మీరు రాస్తే ఒప్పుకోరు. మీకు మేమెవరమో తెలీదంటారు.” ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళు ఇక్కడే బతికాను. కానీ నా నలభై మంది రోగులు ఆమె మాటే నిజమని తేల్చేశారు.

లితారా లేచి వరండాలోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. తోఫిగా, డెబ్భై ఏళ్ళ ముసలమ్మ, ఖాళీ కుర్చీ కనిపించే కిటికీ పక్కనే చెక్క బెంచీ మీద కూర్చుని ఉంది. ఆ కుర్చీకి, ఆవిడకి మధ్య పది అడుగులు కూడా లేవు. కాళ్ళు వాచి చెప్పులు పట్టక పక్కన విడిచింది. లితారా నేల మీద కూర్చుని, తల వంచుకుని, ఉన్నదంతా చెప్పింది. వరసలో మొదట మా నాన్న, తర్వాత మీరు, ఇక ఒకరికే వీలుంది, ఒక లైను రాస్తే ఆగుతుంది, రాసేది నేను.

తోఫిగా వాచిన కాళ్ళు దగ్గరికి లాక్కుంది.

“రాయకపోతే?”

“ఇలాగే తిరుగుతుంది అమ్మమ్మా.”

“అప్పుడు మీ నాన్నా పోతాడు, నేనూ పోతాను. అదేం మర్యాదే? వెళ్ళి రాయి. నడుం ఎత్తి నడువు, నీకు ఇక్కడ అడ్డం వచ్చేవాళ్ళెవరూ లేరు.”

లితారా వచ్చి రాసింది. నిజంగా ఒక్క లైనే. రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకుంది. పదకొండు దాటి పది నిమిషాలకి యంత్రం చివరి సందేశం పంపి ఆగిపోయింది. ‘ఈ కుర్చీ మీదే. రండి.’ రెండు నొక్కమనే మాట అందులో లేదు. తెర మీద మొదటిసారి ‘పూర్తయింది’ అని వచ్చింది.

నేను ఆ గంటన్నర ఎలా గడిపానో నాకే తెలియదు. లితారా గడియారం వైపు చూడటం మానేసి, వచ్చి పోయే బండ్ల చప్పుడు వినడం మొదలుపెట్టింది. మకెరీతా ఆ కుర్చీ దుప్పటి మూడుసార్లు సర్దింది.

పన్నెండూ నలభైకి ఒక పికప్ బండి వచ్చి ఆగింది. బంధువులిద్దరు పట్టుకుంటే యొసువా దిగాడు. మొహం ఉబ్బిపోయి ఉంది. ఒక చేతిలో సభల్లో పట్టుకునే కర్ర, ఇప్పుడు దానిమీదే బరువంతా వేసి నడుస్తున్నాడు. వరండా మెట్టెక్కి తోఫిగాని చూసి ఆగిపోయాడు. నాకు అప్పుడే తెలిసిపోయింది ఏం జరగబోతోందో.

“ఇక్కడ మీరుండగా నేను లోపలికి ఎలా వెళతాను?” అన్నాడు.

“మీకోసమే కూర్చున్నాను. మీరు వెళ్ళండి,” అంది తోఫిగా. పొద్దున అంత తెగేసి చెప్పిన మనిషి, ఎదుట పడేసరికి ఆవిడకీ నోరు రాలేదు.

“మీ నాన్నగారు మా ఊరికి పడవ ఇచ్చిన మనిషి.”

“మీ తాత ఆ పడవకి పేరు పెట్టాడు.”

యొసువా కర్ర మీద ఆనుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆ నిలబడటం చూస్తే ఇది గంటసేపటి వ్యవహారమని ఎవరికైనా తెలుస్తుంది. ఒక్కో మాటకి ఊపిరి అందడం లేదు, అయినా వంశాల పేర్లు ఒక్కటొక్కటే ఎత్తుతున్నాడు. బంధువులు తలలు దించుకున్నారు. మకెరీతా లోపల్నించి వచ్చి గుమ్మంలో నిలబడింది గానీ పెద్దవాళ్ళు నిలబడి మాట్లాడుతుంటే మధ్యలో వెళ్ళడానికి ఆవిడకీ చేతకాలేదు. ఫోన్‌లో అయితే వేరు. పన్నెండూ యాభై. నేను ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాను. అసలు తెర మీద ఆగింది కదా, ఇక్కడ మళ్ళీ మొదలైందేమిటని నా మనసు ఏడుస్తోంది.

లితారా గదిలోంచి వచ్చింది. అందరి మధ్యలోంచి నడిచింది. నడుం వంచలేదు. ‘తులౌ’ అనలేదు. ఆమెని అంత పొడుగ్గా నేను ఎప్పుడూ చూడలేదు. తండ్రికీ తోఫిగాకీ మధ్యలో నిలబడింది.

“నాన్నా, మాట అయిపోయింది,” అంది.



“ఎవరు అయిపోయిందన్నది?” అన్నాడు యొసువా.

“నేను. ముగించేది ఎవరని అడిగావు కదా. నేనే ముగించాను. లోపలికి వచ్చి కూర్చో.”

నిలబడి మాట్లాడుతున్న తులాఫాలెని కూతురు ఆపడం ఆ వరండాలో ఎవరూ చూసి ఉండరు. యొసువా కూతురి మొహం చూశాడు. కోప్పడతాడనుకున్నాను. లితారా కూడా అదే అనుకుని ఉండాలి. చివరికి ఆయన కర్ర ఆమె చేతికిచ్చి, ఆమె భుజం పట్టుకుని లోపలికి నడిచాడు. ఒంటిగంటకి రెండు నిమిషాలు ఉండగా మకెరీతా సూది గుచ్చింది.

రక్తం శుద్ధి చేసే యంత్రం తిరుగుతుంటే గంటకి ఆయనకి కాస్త మాట వచ్చింది. నన్ను దగ్గరికి పిలిచాడు.

“మాస్టారూ, ఒక్కసారే వదులుకోవాలని రాశారట.”

“అవును. లేకపోతే ఆగదు.”

“ఆగాలి, కాదనను. కానీ ఒక్కసారి చాలదు. మొదటిసారి అందరూ మర్యాదకి వద్దంటారు. రెండోసారి అన్నదే మనసులో మాట. మూడోసారి అడిగితే అది అవమానం. రెండు చెయ్యమనండి మా అమ్మాయిని.”

“నువ్వు పదకొండుసార్లు నొక్కావు,” అంది లితారా కర్ర ఒళ్ళో పెట్టుకుని.

“ఎవరూ చాలనలేదు కదా మరి,” అన్నాడాయన, కళ్ళు మూసుకుంటూ.

రెండుకి మార్చింది. నేను మళ్ళీ పరీక్షకి కూర్చున్నాను. ఈసారి నా నలభై మందీ ఏమడిగినా రెండే నొక్కే మనుషులు. ఎనభై సందేశాలు వరసగా వదులుకున్నారు. ఎనభై ఒకటోది ప్రశ్న కాదు, దాని దగ్గర ఆగింది. సంతకం పెట్టమని కాగితం ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

తోఫిగాని ఆ సాయంత్రం ఇంటికి పంపించేశారు. నీళ్ళు గ్లాసుడు మించకూడదు, చేమదుంప ముట్టకూడదు అని మకెరీతా పదిసార్లు చెప్పింది. ఆదివారమంతా ఇంట్లోనే ఉన్నాను. ఆరింటికే అడిగి ఆరున్నరకి ఆగి ఉంటే ఇద్దరికీ సరిపోయేది కదా అన్నదొక్కటే తలలో తిరిగింది. చర్చి గంటలు మోగినప్పుడల్లా ఎవరో చనిపోయిన కబురేమోనని గుమ్మంలోకి వచ్చి చూశాను. లితారా ఫోన్ చేసింది. నేనూ చేశాను. ఇద్దరం దాని గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడాం.

సోమవారం ఆరింటికి తోఫిగా వచ్చింది. మనవడి చెయ్యి పట్టుకుని, నాలుగు అడుగులకొకసారి ఆగుతూ వచ్చి అదే బెంచీ మీద కూర్చుంది. నీళ్ళ యంత్రం బాగుపడింది. ఆ రోజు రావలసినవాళ్ళు పోగా మొదటి ఖాళీ కుర్చీ ఒకటి ఉంది. మిగిలిన ఎనిమిదిమందిలో వరసలో మొదటి పేరు ఆవిడదే. లితారా ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టవచ్చు, కానీ కూర్చోబెట్టలేదు. మీట నొక్కి, తెర ముందు నిలబడింది.

మొదటి సందేశానికి తోఫిగా రెండు నొక్కింది. మిగతా ఏడుగురూ అదే నొక్కారు. తొమ్మిదో సందేశం మళ్ళీ ఆవిడకే వెళ్ళింది. కిటికీలోంచి నాకు కనిపిస్తోంది, ఫోన్ కళ్ళ దగ్గరికి పెట్టుకుని ఒక్కో అక్షరం చదివి, మళ్ళీ రెండు నొక్కింది. దాదాపు ముప్పావు గంట. పదమూడు, పద్నాలుగు, పదిహేను. లితారా పెదవులు కదులుతున్నాయి, లెక్క పెడుతోందో ప్రార్థన చేస్తోందో తెలియదు. నాకైతే రెండూ ఒకటిగానే ఉన్నాయి. పదహారు.

పదిహేడోది వెళ్ళింది. తెర మీద ‘పూర్తయింది’ అని వచ్చి నిలిచింది.

వరండాలో తోఫిగా సందేశం చదివింది. బొటనవేలు మీటల మీద కాసేపు వెతికింది. రెండు నొక్కమనే మాట ఈసారి లేదు. ఫోన్ మనవడికిచ్చి, బెంచీ అంచు పట్టుకుని లేచింది.

“ఇక సరే, వస్తున్నానమ్మా,” అంటూ కుర్చీ వైపు నడిచింది.